ఆదివారం నేను వెళ్ళని ఇల్లు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. ఇది చదివేవాళ్ళు ముందు ఆ ఒక్క మాట నమ్మాలి. పదమూడేళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. పోయినవాళ్ళ కళ్ళు మూసిన చేతులివి. శవాన్ని మార్చురీ దాకా తోసుకెళ్ళి, వెనక్కి వస్తూ క్యాంటీన్‌లో ఇడ్లీ తిన్న రోజులున్నాయి. శిక్షణలో ఉన్నప్పుడు మా హాస్టల్లో మూడో అంతస్తు బాత్‌రూమ్ గురించి తోటి అమ్మాయిలు కథలు చెప్పుకుని వణికిపోయేవారు. నేను రోజూ పోయి అందులోనే స్నానం చేసేదాన్ని, అక్కడైతే క్యూ ఉండదని.

ఇప్పటికీ నమ్మను. కానీ ఒక ఆదివారం సంగతి మాత్రం ఎన్నిసార్లు ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. అందులో నా తప్పు కూడా ఉంది. తప్పు దాచిపెట్టి మిగతాది చెబితే అది సగం అబద్ధమే అవుతుంది కాబట్టి, రెండూ చెబుతాను.

ఆస్పత్రి ఉద్యోగం మానేసి, ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసే ఒక నర్సింగ్ సర్వీసులో చేరి మూడేళ్ళు దాటింది. స్కూటీ, వీపున ఒక బ్యాగు, నీలం యూనిఫాం. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్లే నా వార్డులు. ఒంటికి ట్యూబులతో డిశ్చార్జి అయినవాళ్ళు, కట్లు మార్చవలసినవాళ్ళు, రోజూ ఇంజెక్షన్ కావలసినవాళ్ళు. రోజుకి ఆరేడు ఇళ్ళు. ఒక్కో ఇంట్లో ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. ఇంటి గడప దిగేసరికి మనసులో పక్క ఇల్లు ఉంటుంది.

నేనుండేది గోపన్‌పల్లిలో, మేడ మీద ఒక్క గది. పెళ్ళయింది, నిలవలేదు. అంతకంటే ఆ సంగతి ఇక్కడ అక్కర్లేదు. సాయంత్రం గదికి చేరాక మళ్ళీ పొద్దున మొదటి రోగి తలుపు తీసేదాకా నా నోటితో మాట్లాడే పని ఉండేది కాదు. అది నాకు అలవాటైపోయిందనే అనుకునేదాన్ని.

సుధాకర్ గారు పుప్పాలగూడలో ఒక పెద్ద టవర్లో పందొమ్మిదో అంతస్తులో ఉండేవారు. భీమవరం వైపు మనిషి. నలభై రెండేళ్ళు. ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. భార్యతో విడిపోయి రెండేళ్ళయిందని మొదటి రోజే చెప్పారు, ఫారంలో దగ్గరి బంధువు పేరు రాయమంటే అక్కడ గీత ఎందుకు పెట్టారో చెప్పడానికి.

ఆయనకు లివర్‌లో చీముగడ్డ. తాగే అలవాటు లేదు. ఎక్కడో బయట తిన్న తిండి, తాగిన నీళ్ళ వల్ల వచ్చి ఉంటుందని డాక్టర్లు అన్నారట. పది రోజులు చలిజ్వరంతోనే ఆఫీసు పని చేసి, కుడి పక్క డొక్కలో పోటు తట్టుకోలేక ఆటోలో ఒక్కరే వెళ్ళి చేరారు. సూది పెట్టి, సన్నటి ట్యూబు గడ్డలోకి దింపి, దాని చివర ఒక సంచి తగిలించి, వారం తర్వాత ఇంటికి పంపారు. లోపలి చీము కొద్దికొద్దిగా ఆ సంచిలోకి దిగాలి.

ఇందులో నర్సు పని చూడటానికి చిన్నదే. జ్వరం, నాడి చూడాలి. ట్యూబులోకి పది మిల్లీలీటర్ల సెలైన్ మెల్లగా ఎక్కించి అది పూడుకుపోకుండా చూడాలి. సంచిలో చీము ఎంత వచ్చిందో కొలిచి, రంగు చూసి రాయాలి. ట్యూబు మడత పడకుండా కట్టు కట్టాలి. అసలు సంగతి ఆ కొలతలో ఉంటుంది. రోజురోజుకీ మెల్లగా తగ్గుతూ సున్నాకి వస్తే గడ్డ మానుతున్నట్టు. ఉన్నట్టుండి సున్నా అయి, దానితోపాటు జ్వరం వస్తే ట్యూబు మూసుకుపోయి చీము లోపలే నిండుతున్నట్టు. అది పొట్టలోకో ఛాతీలోకో పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది నర్సింగ్ చదివే పిల్ల కూడా చెబుతుంది. నాకూ తెలుసు. బాగా తెలుసు.

మొదటి రోజు నూట ఇరవై మిల్లీలీటర్లు వచ్చింది. తర్వాత తొంభై అయింది. ఆపైన డెబ్భై, అరవై. శనివారానికి నలభై. అంతా పద్ధతి ప్రకారమే నడుస్తోంది. ఆయన మంచి రోగి. చెప్పినట్టు వినేవారు, నేను వెళ్ళేసరికి కొలత గ్లాసు కడిగి బోర్లించి ఉంచేవారు. మాట్లాడాలని చూసేవారు కూడా. ఏదో ఒకటి అడిగి నన్ను ఇంకో రెండు నిమిషాలు ఆపేవారు. నేను ‘సార్, లేటైతుంది’ అని బ్యాగు తగిలించుకునేదాన్ని. శనివారం మరీ తొందరలో ఉన్నాను. కట్టు గబగబా కట్టి, టేపు అతికించి లేచిపోయాను.

ఆ మర్నాడు ఆదివారం. మా గోపన్‌పల్లిలో బోనాలు.

పొద్దున్నే రెండు యూనిఫాంలూ ఉతికి మేడ మీద తీగకు ఆరేస్తున్నాను. ఇంటి ఓనర్ లక్ష్మమ్మ మెట్లెక్కి వచ్చింది. రెండేళ్ళుగా కిరాయి తీసుకునేటప్పుడు తప్ప ఆమె నాతో మాట్లాడింది తక్కువ.

“ఏందమ్మా సరితా, ఇయ్యాల సుత డ్యూటేనా? మా ఇంట్ల బోనం ఎత్తుతున్నం. నువ్వు సుత మా బిడ్డ లెక్కనే. ఏడికి పోవద్దు, ఈడనే తినాలె.”

ఆ ‘బిడ్డ లెక్కనే’ అన్న మాటకి నేను పడిపోయాను. ఉన్న మాట చెప్పడానికి సిగ్గెందుకు? పండగ పూట నన్ను ఎవరైనా భోజనానికి పిలిచి ఎంత కాలమైందో లెక్కపెట్టుకోలేనంత కాలమైంది. ఆ రోజు నాకున్నది ఒక్క ఇల్లే, సుధాకర్ గారిది. అప్పుడు చేశాను ఆ పని. మా ఉద్యోగంలో దాన్ని మాలో మేము ‘ఫోన్ విజిట్’ అనుకుంటాం. ఇంటికి వెళ్ళకుండా ఫోన్‌లో కొలతలు అడిగి తెలుసుకుని, వెళ్ళినట్టుగా ఆఫీసు యాప్‌లో నింపేయడం. అందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసేవాళ్ళే. రోగి బాగానే ఉన్నాడని ధైర్యం ఉన్నప్పుడు చేస్తారు.

పది గంటలకు ఫోన్ చేశాను. సంచిలో ఎంతుంది సార్ అని అడిగాను.

“ఏమీ రాలేదండి, రాత్రి నుంచి ఖాళీగానే ఉంది. కొంచెం చలిగా ఉంది. కుడి భుజం లాగుతోందండి, ఎందుకంటారు?”

చలి, భుజం నొప్పి, సున్నా. మూడూ నా చెవిలోనే పడ్డాయి. లివర్ పైభాగంలో గడ్డ ఉబ్బితే నొప్పి కుడి భుజంలో తెలుస్తుందని నేను జూనియర్లకు పాఠం చెప్పినదాన్ని. అప్పటికే కింద డప్పులు మొదలయ్యాయి. లక్ష్మమ్మ కూతురు ‘అక్కా, జల్ది రా’ అని పిలుస్తోంది.

“మంచిగనే ఉంది సార్. లోపల ఖాళీ అయితున్నట్టే. ఒక దిక్కే పండుకుంటే భుజం గట్లనే గుంజుతది. జ్వరం గోలీ వేసుకొని రెస్ట్ తీస్కోండి, రేపు పొద్దున వస్త” అన్నాను.

యాప్‌లో ‘విజిట్ పూర్తయింది’ అన్నచోట నొక్కి, చీము దగ్గర సున్నా పెట్టాను. ఆకుపచ్చ చీర కట్టుకుని కిందికి దిగాను.

ఆ రోజు చాలా సంతోషంగా గడిచింది. అది కూడా చెప్పాలి కదా. గుడి దాకా లక్ష్మమ్మ పక్కనే వేపకొమ్మలు పట్టుకుని నడిచాను. ఎవరో నా ముఖానికి పసుపు రాశారు. మధ్యాహ్నం వాళ్ళ ఇంట్లో చాప మీద కూర్చుని పది మందితో కలిసి తిన్నాను. ‘ఇంకొంచెం ఏసుకో’ అని ఎవరైనా బలవంతం చేస్తుంటే వద్దనడం కూడా బాగుంటుందని ఆ రోజే గుర్తొచ్చింది. ఫోన్ గదిలోనే ఉండిపోయింది. సాయంత్రం చూస్తే ఏమీ లేదు. తొందరగా పడుకున్నాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి పుప్పాలగూడ టవర్ గేటు దగ్గర స్కూటీ ఆపాను. అక్కడ యాదయ్య అనే పెద్దాయన సెక్యూరిటీ. ఆ ఊరి మనిషే. రోజూ నన్ను ఏదో ఒకటి అని నవ్వించి గానీ లోపలికి పంపడు. ఆ రోజు ముఖం ముడుచుకున్నాడు.

“నిన్న ఏమైంది బిడ్డా నీకు? పలుకరిస్తె పలుకలే. మొకం సుత సూడకుంట లిఫ్ట్ ఎక్కినవ్.”

నిన్న నేను రాలేదు తాతా అన్నాను. అతను నవ్వలేదు. “పరాష్కాలా? ఆ సార్‌ను దవాఖానకు తీస్కపోయిండ్రు గదా. నువ్వే గదా పైనుంచి ఇంటర్‌కామ్‌ల చెప్పినవ్, అంబులెన్సు వస్తది, లిఫ్ట్ ఖాళీ పెట్టుమని. అప్పుడే మర్శిపోయినవా?”

అప్పటికింకా వింత గురించిన ఆలోచన రాలేదు. సుధాకర్ గారికి ఏమైందన్న భయమే. ఆ తర్వాతే యాదయ్య గేటు రిజిస్టర్ తిప్పి చూపించాడు. రోజూ వచ్చే పనివాళ్ళం అందులో మేమే పేరు రాసి సంతకం పెడతాం. ఆదివారం తారీఖు కింద నా పేరు ఉంది. లోపలికి వచ్చిన సమయం పదకొండు నలభై. సంతకం నాదే. బయటికి వెళ్ళిన సమయం రాసే గడి మాత్రం ఖాళీగా ఉంది.

ఆస్పత్రికి వెళ్ళాను. ఆయన వార్డులో ఉన్నారు. ముఖం పాలిపోయింది గానీ స్పృహలోనే ఉన్నారు. పాత ట్యూబు తీసి కొంచెం లావుది వేశారు. నన్ను చూడగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“వచ్చారా! రేపు వస్తానన్నారు, వచ్చారు. నిన్న మీరు సమయానికి రాకపోతే ఈపాటికి నేను లేనండి.”

మంచం పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆయనే చెప్పుకుంటూ పోయారు. ఫోన్ పెట్టేశాక వణుకు ఎక్కువైందట. ఎక్కిళ్ళు ఆగలేదట. మంచం మీద నుంచి లేవలేకపోయారు. అప్పుడు నేను వచ్చానట. వాళ్ళ తలుపుకి నంబర్ తాళం, ఆ నంబర్ నాకూ తెలుసు కాబట్టి తలుపు తీసుకుని లోపలికి రావడం ఆయనకు వింతగా అనిపించలేదు. ఎప్పటి నీలం యూనిఫామే వేసుకుని ఉన్నానట. కట్టు విప్పి, కింద మడత పడిన ట్యూబును సరిచేసి, సెలైన్ ఎక్కించానట. చీము బుడబుడమని సంచిలోకి దిగిందట. అంబులెన్స్‌కి ఫోన్ చేశానట. అది వచ్చేదాకా కుర్చీ లాక్కుని ఆయన పక్కనే కూర్చున్నానట.

“ఎప్పుడూ సార్ అంటారు, నిన్న పేరు పెట్టి పిలిచారు. గ్లోవ్స్ తీసేసి నా చెయ్యి పట్టుకున్నారు. అంబులెన్స్ ఎక్కించేటప్పుడు ‘మీరు రారా’ అంటే, ‘నేను రేపు వస్తాను’ అన్నారు. గుర్తులేదా?”

రోగి చెయ్యి గ్లోవ్స్ లేకుండా నేను పట్టుకోను. ఎవరినీ పేరు పెట్టి పిలవను. అలా కూర్చునే తీరిక నాకు ఏ రోజూ లేదు. అవన్నీ ఆయనకు చెప్పాలనుకున్నాను. ఆయన ముఖం చూసి చెప్పలేకపోయాను.

జ్వరంలో ఏదో ఊహించుకున్నారులే అనుకుందామంటే వార్డు నర్సు ఇంకో మాట అంది. ట్యూబు మడత విప్పి ఆ కాస్త చీము ముందుగా తీసి ఉండకపోతే గడ్డ ఛాతీలోకి పగిలి ఉండేదని డాక్టర్ అన్నారట. ఆయన ఇంట్లో ఉంచి నేను రోజూ కొలతలు రాసే ఫైలు అంబులెన్స్‌తోపాటు వచ్చింది. నర్సు దాన్ని నా చేతికిచ్చింది. ఆదివారం పేజీ నిండి ఉంది. జ్వరం నూట మూడు. నాడి నూట ఇరవై ఎనిమిది. కుడి భుజం నొప్పి, ఎక్కిళ్ళు. ట్యూబు మడత సరిచేయడమైనది. చీము రెండు వందల పది, ముదురు గోధుమ రంగు. రాత నాదే. ఏడు అంకెకి నడుమ అడ్డగీత పెట్టే అలవాటు నాకుంది, ఆస్పత్రి ఫోన్ నంబర్ రాసిన చోట అదీ ఉంది.

ఆయన వచ్చేటప్పుడు ఒంటి మీదున్న కట్టు ఇంకా పారేయకపోతే చూపించమని అడిగాను. టేపు చివర కొంచెం మడిచి ఉంది. మర్నాడు లాగేటప్పుడు రోగికి నొప్పి పుట్టకుండా గోటితో పట్టుకోవడానికి నేను అలా మడుస్తాను. మా సర్వీసులో ఇంకెవరూ అలా చేయరు. శనివారం తొందరలో నేనూ చేయలేదు.

ఇక్కడ నాకు నేను చెప్పుకున్న సమాధానాలు కూడా రాస్తాను. ఆఫీసు వాళ్ళు వేరే నర్సును పంపి ఉంటారా? కోఆర్డినేటర్‌ని మెల్లగా కదిపి చూశాను. ఎవరినీ పంపలేదు, పైగా ‘నువ్వు వెళ్ళావు కదా’ అంది. నేను కొన్నిసార్లు ఫైల్లో రేపటి పేజీ కింద సంతకం ముందే పెట్టేస్తాను, అదీ ఒక చెడ్డ అలవాటు. కాబట్టి ఫైల్లో ఆదివారం పేజీ కింద ఉన్న సంతకం లెక్కలోకి రాదు. మరి అంకెలు ఎవరు రాశారు? యాదయ్య తారీఖు పొరబడ్డాడా? రిజిస్టర్లో నా పేరుకి కిందా పైనా ఉన్న పేర్లన్నీ ఆదివారం వచ్చినవాళ్ళవే. పోనీ నాకే ఒంట్లో బాగోక, నాకు తెలియకుండా వెళ్ళి వచ్చానా? లక్ష్మమ్మ కూతురు ఊరేగింపు వీడియో తీసింది. అందులో పదకొండు యాభై రెండుకి నేను పసుపు ముఖంతో, వేపకొమ్మలతో నవ్వుతూ నడుస్తున్నాను. నా రెండు యూనిఫాంలూ అప్పుడు మేడ మీద తీగకు తడిగా వేలాడుతున్నాయి.

నేనొక అబద్ధం రాశాను. వెళ్ళానని యాప్‌లో నొక్కాను. ఆ అబద్ధాన్ని ఎవరో వచ్చి నిజం చేసి పోయారు. నాకు తోచింది ఇంతే. ఇంతకుమించి ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేకపోయాను.

వారం తర్వాత ఆయన కొత్త ట్యూబుతో ఇంటికి వచ్చారు. మళ్ళీ నన్నే పంపమని ఆఫీసును అడిగారు. మా గ్రూపులో కోఆర్డినేటర్ నా గురించి పెద్ద మెసేజ్ పెట్టింది. పండగ రోజున కూడా వెళ్ళి రోగిని కాపాడిన సరిత సిస్టర్‌ను చూసి అందరూ నేర్చుకోవాలని. కింద నలభై చప్పట్లు. నేను కూడా ‘థాంక్యూ మేడమ్’ అని పెట్టాను. పెట్టి, గదిలో కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత ఇంకో పన్నెండు రోజులు వెళ్ళాను. మొదటి రోజు పని ముగించి బ్యాగు సర్దుతుంటే ఆయన మొహమాటంగా అన్నారు. “ఆ రోజులా ఒక్క ఐదు నిమిషాలు కూర్చోరా?”

కూర్చున్నాను. ఏం చేయను? కూర్చున్నది నేను కానని ఎలా చెప్పను? ఐదు నిమిషాలు పావుగంట అయ్యాయి. రోజూ అదే అలవాటైంది. ఆయన వాళ్ళ ఊరి చేపల చెరువుల గురించి, విడిపోయిన భార్య గురించి, అంత ఎత్తున ఉన్న ఇంట్లో ఆదివారాలు ఎంత పొడుగ్గా ఉంటాయో దాని గురించి చెప్పేవారు. “ఆ రోజు మీకు చెప్పాను కదా” అంటూ మధ్యలో ఆపేవారు. నేను తలూపేదాన్ని. ఆ ఆదివారం వచ్చిన ఆమెకు ఆయన ఏం చెప్పారో నాకు తెలీదు. ఆమె ఏం జవాబిచ్చిందో తెలీదు. నాకు లేని జ్ఞాపకానికి తలూపుతూ అక్కడ టీ తాగేదాన్ని.

నిజం చెప్పాలంటే ఆ పావుగంట కోసం నేనూ ఎదురుచూడటం మొదలుపెట్టాను. మిగతా ఇళ్ళు తొందరగా ముగించుకుని ఆ ఇంటిని చివరికి పెట్టుకునేదాన్ని. కానీ ఆయన మాట్లాడుతున్నది నాతో కాదని తెలుస్తూనే ఉండేది. ఒక్కోసారి ఆయన చెయ్యి మంచం అంచు మీద ఉండేది. ఆమె అయితే పట్టుకునేది. నేను నా గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరో తెలియని ఆ మనిషి మీద నాకు అసూయ కలిగింది. ఇది ఎవరికైనా చెబితే నవ్వుతారు.

చీము మెల్లగా, సక్రమంగా సున్నాకి వచ్చింది. స్కానింగ్‌లో గడ్డ మానిందని తేలింది. ట్యూబు తీసేశారు. చివరి కట్టు మార్చడానికి వెళ్ళిన రోజు ఆయన కొత్త చొక్కా వేసుకుని ఉన్నారు.

“సిస్టర్, ఒక మాట చెప్పనా? ఆ ఆదివారం పొద్దున మీ ఫోన్ అయ్యాక నేను ఇంకెవరికీ చెయ్యకూడదనుకున్నాను. ఎందుకులే, ఎవరున్నారు అనిపించింది. మీరు వచ్చి చెయ్యి పట్టుకున్నాక బతకాలనిపించిందండి.”

అప్పటిదాకా మోశాను. ఇంక మోయలేకపోయాను. నాకు దక్కవలసిన మాట కాదది. పైగా ఆ పొద్దున ఆయన్ని అలా వదిలేసింది నేనే.

“సార్, ఆ రోజు నేను రాలేదు” అన్నాను.

ఆయన నవ్వారు. నేను చెప్పడం ఆపలేదు. ఫోన్ విజిట్ సంగతి చెప్పాను. శనివారం నేను కట్టిన కట్టు కిందే ట్యూబు మడత పడిందని చెప్పాను. భుజం నొప్పి అన్నప్పుడే నాకు తెలిసి ఉండాల్సిందని, తెలిసీ పట్టించుకోలేదని చెప్పాను. తిడతారని, ఆఫీసుకి ఫోన్ చేస్తారని సిద్ధపడే ఉన్నాను. ఆయన నమ్మకపోతే నా ఫోన్‌లో ఆ ఊరేగింపు వీడియో పెట్టి చేతికిచ్చాను.

ఆయన దాన్ని మూడుసార్లు చూశారు. పైన ఉన్న తారీఖు, సమయం వేలితో తాకి చూశారు. నన్ను తిట్టలేదు. నా తప్పు గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

“మరి ఆవిడ?” అన్నారు.

నాకు తెలీదన్నాను.

ఆయన ఫోన్ తిరిగి ఇచ్చి, కాసేపు తన కుడి చేతిని చూసుకున్నారు. ఆ ముఖం నేను మర్చిపోలేను. జ్వరంలో కూడా ఆయన అంత ఒంటరిగా కనిపించలేదు. తర్వాత లేచి మర్యాదగా తలుపు దాకా వచ్చి, “జాగ్రత్తగా వెళ్ళండి” అన్నారు. నేను లిఫ్ట్ కోసం నిలబడి ఉండగానే తలుపు వేసుకున్నారు.

ఆఫీసుకి నా తప్పు నేనే చెప్పుకున్నాను. రెండు నెలలు పక్కన పెట్టారు, మళ్ళీ తీసుకున్నారు. ఆ తర్వాత ఒక్క ఫోన్ విజిట్ కూడా చేయలేదు. సుధాకర్ గారికి రెండుసార్లు ఫోన్ చేశాను. “బాగానే ఉన్నానండి” అన్నారు రెండుసార్లూ. మూడోసారి తీయలేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారని, ఎక్కడికో చెప్పలేదని యాదయ్య ఒకరోజు అన్నాడు.

నిజం చెప్పడం మంచిదేనని అందరూ అంటారు. నేనూ నా గుండె బరువు దించుకోవడానికే చెప్పాను. కానీ ఈ ఊళ్ళో ఆయనకంటూ వచ్చి కూర్చున్న మనిషి ఒక్కతే ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో, ఎలా వచ్చిందో, బయటికి ఎప్పుడు వెళ్ళిందో నేను ఇవాళ్టికీ చెప్పలేను. ఎవరైనా కానీ, ఆమెను ఆయన దగ్గర్నుంచి పంపించేసింది మాత్రం నేనే.